ఆరు తాళంచెవుల శీతకాలం

పెనక్ రేవులో కాలువ గట్టున ఎర్రటి ఇటుకల గది ఒకటి ఉన్నది. దానిలో వేడినీళ్ల స్నానానికి ఒక అర, బట్టలుతికే యంత్రం, పడవల్లోని మరుగుదొడ్డి పెట్టెలు తెచ్చి దిమ్మరించుకోవడానికి ఒక తొట్టి, వెనుకగోడకు తాళం వేసిన చిన్న పెట్టెలో మంచినీళ్ల కుళాయి ఉన్నవి. ఇళ్లలో ఉండేవారికి ఇవి చెప్పుకోదగిన సంగతులు కావు. పడవ మీద బతికేవారికి బంధుబలగం కన్నా ముందు కావలసినవి ఇవే. ఈ గదికీ, దేశపు కాలువలన్నిటి మీదా ఉన్న ఇటువంటి గదులన్నిటికీ ఒకటే తాళం. పడవ ఉన్న ప్రతివారి దగ్గరా ఒకే అచ్చున పోసిన తాళంచెవి ఉంటుంది. రెండు వందల మైళ్ల అవతలి నుంచి, మనం ఎన్నడూ మొహం చూడని మనిషి వచ్చి మన గది తలుపు తీసుకుని, స్నానం చేసి, నీళ్లు పట్టుకుని తన దారిన పోతాడు. ఎవరినీ అడగనక్కరలేదు, ఎవరికీ దండం పెట్టనక్కరలేదు. కాలువవారి మర్యాద అంతా ఆ ఒక్క తాళంలో ఉన్నది. ఆ తాళాన్ని మార్పించినవాణ్ణి నేను.

పెనక్ రేవులో పర్మిట్ మీద శాశ్వతంగా కట్టుకున్న పడవలు ఆరు. బడిలో లాటిను చెప్పి విశ్రాంతి పొందిన పిమ్మట నేనూ నా భార్య ఎనిడ్ అందులో ఒకదానిలో పదకొండేళ్లుగా కాపురం ఉన్నాము. ఆరు పడవలకూ ఒక సంఘం ఉండేది. సంఘానికి అధ్యక్షుడను నేనే, కార్యదర్శినీ నేనే. మినిట్సు వ్రాయగల చేయి మరొకరికి లేదని నా నమ్మకం. కట్టుచోటు లేని పడవలవారు వేరు. వారు పద్నాలుగు రోజులకు మించి ఒకచోట ఉండరాదు, ఏడాది పొడుగునా కదులుతూనే ఉండాలి. మేము వారిని తిరుగుడువాళ్లు అనేవాళ్లము. ఆ మాటలో ఎంత ఎగతాళి ఉన్నదో పలికేవారికి తెలియదు.

ఆ ఏడు నవంబరులో మా రేవుకు ఎగువన ఒక లాకునూ దిగువన ఒక లాకునూ మరమ్మతుకని నీళ్లు తోడి మూసివేశారు. మార్చి నడిమి దాకా తెరవరు. రెండు లాకుల నడుమ అయిదు మైళ్ల కాలువలో ఉన్నది మా గది ఒక్కటే; చిక్కుపడిన తిరుగుడు పడవ కూడా ఒక్కటే. అది నెరిస్ ప్యూది.

నెరిస్ అక్టోబరు నడుమ వచ్చింది. వేల్సు మనిషి, యాభై దాటి ఉంటుంది, పొట్టిగా గట్టిగా ఉండేది. పడవ గట్టుకు కొట్టుకోకుండా ముక్కున వేలాడదీసే తాడుబంతులు అల్లి అమ్ముకుని బతికేది. ‘కర్లూ’ అనే ఆమె పడవ రంగు వెలిసి, కప్పు మీద తాళ్ల చుట్టలు, బొగ్గు సంచులు, రంపపు పొట్టు బస్తాలు, ఒక చక్రం బండి, సంతలో సగం తెచ్చి పేర్చినట్టుండేది. లాకుల మూసివేత వల్ల పద్నాలుగు రోజుల నిబంధన ఆమెకు వర్తించదని కాలువ కార్యాలయంవారు కాగితం ఇచ్చారు. అది తెచ్చి నాకు చూపించింది. చూపించమని నేనే అడిగాను. అడిగే అధికారం నాకు లేదు.

ఆమె వచ్చిన రెండోవారంలో దిమ్మరించే తొట్టి మొదటిసారి అడ్డుకున్నది. నవంబరులో మరి రెండుసార్లు. మూడోసారి మురుగు పొంగి స్నానపు అర దాకా పారింది. ప్లంబరు పొడవాటి ఇనుప తీగ దించి, గుడ్డపేలికల ముద్దలు లాగి గట్టు మీద పడేశాడు. మా పక్క పడవవాడు క్లెమ్ హ్యాస్లమ్ ముక్కు మూసుకుని నిలబడ్డాడు. అతడు పూర్వం బస్సు డ్రైవరు. నోరు ఊరుకునే మనిషి కాడు.

“ఎవరో పెళ్లిగౌను మొత్తం మింగించినట్టున్నారు దీనిచేత,” అన్నాడు. “ఇన్నేళ్లుగా ఆరు పడవలూ ఇక్కడే ఉన్నాం కదా. ఎప్పుడూ లేని రోగం ఇప్పుడెందుకొచ్చిందంటారు, మాస్టారూ?”

అతడు కర్లూ వైపు చూడలేదు. నేను చూశాను.

ఆ సాయంత్రమే కార్యాలయానికి లేఖ వ్రాశాను. శుభ్రత గురించి, వృద్ధుల ఆరోగ్యం గురించి, వచ్చిపోయేవారికి లేని బాధ్యత ఉండిపోయేవారికి ఉంటుందన్న సంగతి గురించి మూడు పేరాలు. మంచి లేఖ. ఇప్పుడు చదివినా దానిలో మార్చవలసిన వాక్యం ఒక్కటీ కనబడదు, అందుకే దాన్ని చదవడం మానుకున్నాను. వారంలో జవాబు వచ్చింది. ఈ శీతకాలానికి గది నిర్వహణ సంఘమే చూసుకోదలిస్తే వారికి అభ్యంతరం లేదు. ఎవరిని రానివ్వాలో సంఘమే తేల్చుకోవచ్చు. కొత్త తాళం ఒకటి, తాళంచెవులు ఆరు పంపించారు.

శనివారం పబ్బు వెనుకగదిలో సంఘం సమావేశమైనది. పిలవకపోయినా నెరిస్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“తాళం మారుస్తున్నారట కదా,” అన్నది. “నాకూ ఒకటి ఇస్తారేమోనని వచ్చా.”

ఆరు పడవలకు ఆరే తాళంచెవులని చెప్పాను. తొట్టి మూడుసార్లు అడ్డుకున్న సంగతి ఆమెకూ తెలిసినదేననీ, ఎవరినీ పేరు పెట్టి అనడం లేదనీ చెప్పాను. పేరు పెట్టకుండానే వేలు చూపించడం నాకు చేతనవును. అది బడిలో అబ్బిన విద్య.

“తొట్టి సంగతే అయితే, మాస్టారూ, నా పడవలో అసలు...” అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆమె చూపు నన్ను దాటి వెనుకకు పోయింది. నా వెనుక ఎనిడ్ కూర్చుని ఉన్నది, ఒడిలో చేతిసంచిని రెండు చేతులతో పట్టుకుని.

“అసలు?” అన్నాను.

“ఏం లేదులెండి.” మళ్లీ నా వైపు తిరిగింది. “నీళ్లయినా పట్టుకోనివ్వరా? తొట్టికీ కుళాయికీ ఏం సంబంధం?”

కుళాయి పెట్టెకూ అదే తాళమన్నాను.

“మరి మార్చి దాకా నేనేం తాగాలండీ, కాలువా?”

ఎవరో నవ్వారు. క్లెమ్ నవ్వలేదు. ఒక్క కుళాయికి పోయేదేముంది, ఆవిడకీ ఒక తాళంచెవి చేయిద్దాం అని గొణిగాడు. మినహాయింపు అంటూ ఒకటి ఇస్తే నిబంధన మిగలదని నేనన్నాను. చేతులెత్తమన్నాను. ఆరు పడవలకు ఆరు చేతులు లేచాయి. క్లెమ్‌ది చివర లేచింది. మా పడవ ఓటు నాది గనుక ఎనిడ్ ఎత్తనక్కరలేదు. “సరే మాస్టారూ,” అని నెరిస్ వెళ్లిపోయింది. శ్రీమతి ప్యూ వివరణ ఏదీ ఇవ్వలేదని మినిట్సులో వ్రాశాను. మౌనం అర్ధాంగీకారమన్న మాట లాటినులోనూ ఉన్నది. పిల్లలచేత దాన్ని వందసార్లు వల్లె వేయించి ఉంటాను.

డిసెంబరులో కాలువ అంచున మంచు పలక కట్టింది. రెండు మైళ్ల అవతల ఒక రైతు తన కొట్టం దగ్గరి కుళాయిలో నెరిస్‌ను నీళ్లు పట్టుకోనిచ్చాడు. రోజు విడిచి రోజు ఆమె చక్రం బండి మీద డబ్బాలు వేసుకుని గట్టు వెంబడి పోయి వచ్చేది. గట్టు మీద బురద గడ్డకట్టి కత్తుల్లా లేచి ఉండేది. బండి ఒరిగినచోట ఆగి, డబ్బాలు దించి, బండిని సరిచేసుకుని, మళ్లీ డబ్బాలు ఎత్తుకునేది. ఆ దారి సరిగ్గా మా వంటగది కిటికీ ముందు నుంచే.

“ఇవాళ నాలుగే,” అన్నది ఎనిడ్ ఒక ఉదయం కిటికీ దగ్గర నిలబడి. “మొన్న ఆరు తెచ్చింది. చక్రం పాడైనట్టుంది.”

“ఆమె ఎంచుకున్న బతుకు అది,” అన్నాను, టోస్టు మీద మార్మలేడు రాసుకుంటూ.

ఎనిడ్ తల తిప్పలేదు. “ఎంచుకున్నది తిరగడం, ఆంబ్రోస్. మొయ్యడం కాదు.”

క్రిస్మసుకు ఎనిడ్ ఏటా చేసే పండ్ల కేకు చేసింది. పడవకు ఒక ముక్క చొప్పున కాగితంలో చుట్టి పంచడం నా పని. ఆ ఏడు ఆమె ఆరు ముక్కలు చుట్టింది. మాది కాక అయిదే కదా అన్నాను. నేను అయిదు పంచి వచ్చాను. ఆరోది రెండు రోజులు బల్ల మీద ఉన్నది. మూడోరోజు టీతో నేనే తిన్నాను.

ఎనిడ్‌లో మార్పు నేను గమనించకపోలేదు. గమనించి తప్పుగా అర్థం చేసుకున్నాను. శరత్కాలమంతా ప్రతి గురువారం ఆమె బట్టల మూట పట్టుకుని గదికి వెళ్లి, గంటన్నరకు చెంపలు ఎర్రబడి, తడిజుట్టుతో ఏదో కూనిరాగం తీస్తూ వచ్చేది. తాళం మారాక స్నానానికి వెళ్లడం మానేసింది. మా తాళంచెవి గుమ్మం పక్క మేకుకు వేలాడుతూనే ఉన్నది. చలి అన్నది. దగ్గు వస్తున్నదని నన్ను విడిచి ముందు అరలో బల్ల మీద పడుకోవడం మొదలుపెట్టింది. జనవరికి పడవలో ఒక వాసన తయారైనది. అడుగు బల్లల కింద నిలిచిన నీళ్లదని తీర్మానించాను. రెండు రోజులు మోకాళ్ల మీద కూర్చుని బల్లలు ఊడదీసి, నీళ్లు తోడి, ఆరబెట్టాను. నడుము పట్టేసింది. ఎనిడ్ పొయ్యి పక్కన కూర్చుని చూస్తూ ఉన్నది. వాసన పోలేదు.

జనవరి మూడోవారంలో తొట్టి మళ్లీ అడ్డుకున్నది.

ప్లంబరు వచ్చాడు. ఆరు పడవలవారమూ చుట్టూ చేరాము, ఎందుకంటే ఈసారి లెక్క సులువు. ఆరు తాళంచెవులు, ఆరు పడవలు.

“గుమ్మడికాయల దొంగ ఎవరో భుజాలు తడుముకోండయ్యా,” అన్నాడు క్లెమ్. “మాస్టారూ, మిమ్మల్ని కాదులెండి.”

అందరూ నవ్వారు. ప్లంబరు తీగ లాగాడు. ముద్దలు ఒక్కొక్కటిగా గట్టు మీద పడ్డాయి. ఒకటి విచ్చుకుని నా కాళ్ల దగ్గరకు జారింది. ముతక ఫ్లానెల్ గుడ్డ. బూడిదరంగు మీద నీలిచారలు. హాస్టలు పిల్లల మీద అధికారిగా ఉన్న రోజుల నుంచి నా పైజామాలన్నీ ఒకే కొట్టులో ఒకే రకం. హాస్టలులో ప్రతి బట్టకూ పేరు అల్లిన పట్టీ కుట్టాలన్నది నిబంధన. ఆ అలవాటు చొప్పున ఎనిడ్ నావాటికీ కుట్టేది. తెల్లని పట్టీ మీద ఎర్రదారంతో అల్లిన నా పేరులో చివరి మూడు అక్షరాలు పైకి కనబడుతూ ఉన్నాయి.

నేను బూటు దాని మీద పెట్టాను.

“పాతవే అయి ఉంటాయి,” అన్నాను. “నవంబరువి గొట్టం మలుపులో చిక్కుకుని ఇప్పుడు కదిలి ఉంటాయి.”

ప్లంబరు నన్ను ఒకసారి చూసి, అయ్యుండొచ్చన్నాడు. తన డబ్బు తనకు ముడితే అతనికి ఏదైనా అయ్యుండొచ్చు.

“అంటే ఆవిణ్ణి వదిలించుకున్నా ఆవిడ చలవ వదల్లేదన్నమాట,” అన్నాడు క్లెమ్.

నేను అవుననలేదు, కాదనలేదు. అందరూ చెదిరిపోయేదాకా కాలు కదపకుండా, కాలువ నీటిమట్టం గురించి ఎవరితోనో ఏదో మాట్లాడుతూ నిలబడ్డాను.

ఆ పేలికను పాత వార్తాపత్రికలో చుట్టి ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎనిడ్ బంగాళదుంపలు చెక్కుతున్నది. పత్రిక విప్పగానే ఒక చూపు చూసి, చేతిలోని దుంపను చివరికంటా చెక్కి, నీళ్లలో వేసి, అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు.

కిందటి వసంతం నుంచి ఆమెకు ఒంటేలు ఆగడం లేదు. మొదట కొద్దిగా, వేసవి పోయాక రాత్రీ పగలూ. దానికని దొరికే తడి పీల్చే పట్టీలు కొని తెమ్మని నన్ను అడగలేక, ఊరి కొట్టులో అందరి ముందూ తాను కొనలేక, నా పాత పైజామాలు చింపుకున్నది. వాడిన పేలికలు మరుగుదొడ్డి పెట్టెలో వేసి తొట్టిలో దిమ్మరించేది. మా పడవలో ఆ పెట్టె మోయడం ఆమె పని. నా నడుము నొప్పితో మొదలైన ఏర్పాటు అది. నడుము బాగుపడినా ఏర్పాటు మారలేదు. డెబ్బైమూడేళ్ల మనిషి ఆ బరువును చిన్న చక్రాల బండి మీద లాక్కుపోతుంటే కిటికీలోంచి చూస్తూ నేను పదకొండేళ్లు పత్రిక చదివాను.

“ఆ పెట్టె ఒక్కసారి నువ్వు మోసి ఉంటే తెలిసేది,” అన్నది.

అక్టోబరులో ఒక గురువారం స్నానపు అరలో తడిసిన బట్టలతో కూర్చుని లేవలేక ఏడుస్తున్న ఎనిడ్‌ను నెరిస్ చూసింది. ఆనాటి నుంచి ప్రతి గురువారం ఆమెకు వీపు రుద్ది, తలకు నీళ్లు పోసి, ఒరుసుకున్నచోట మందు రాసి, బట్టలు యంత్రంలో వేసి ఉతికి పెట్టేది. పేలికలు తొట్టిలో వేయవద్దని కూడా చెప్పింది. ఎనిడ్ వినలేదు, ఆ మూటతో ఆరు పడవల కిటికీల ముందు నుంచి చెత్తకుండీ దాకా నడవలేకపోయింది.

“తొట్టిలో ఆమె ఎన్నడూ ఏదీ పొయ్యలేదు, ఆంబ్రోస్. ఆమెది పొట్టు వేసి ఆరబెట్టుకునే ఎండు మరుగుదొడ్డి. కప్పు మీద ఆ బస్తాలు దేనికనుకున్నావు?”

చలిమంటకు అనుకున్నాను. పడవ మీద ఏడాది బతికిన ఎవరినడిగినా చెప్పేవారు. నేను ఎవరినీ అడగలేదు.

సమావేశంలో నువ్వయినా నోరు విప్పి ఉండవచ్చును కదా అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

“విప్పుదామనే వచ్చా. నీ మొహం చూశాను,” అన్నది ఎనిడ్. “హాస్టల్లో పిల్లలు పక్క తడిపితే పొద్దున్నే ఒక మొహం పెట్టేవాడివి. అదే పెట్టుకుని కూర్చున్నావు.”

మరుసటి ఉదయం కర్లూ దగ్గరకు వెళ్లాను. నెరిస్ పొయ్యి ముందు కూర్చుని తాడుబంతి అల్లుతున్నది. వేళ్లు పగిలి గుడ్డముక్కలు చుట్టుకుని ఉన్నవి. లోపలికి రమ్మన్నది గాని కూర్చోమనలేదు. నాకు తెలిసిందని చెప్పాను. క్షమించమన్న మాట తడబడకుండానే అన్నాను. అటువంటి వాక్యాలు నాకు బాగా వచ్చును. నా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, ఎవరికీ తెలియనక్కరలేదు, ఎప్పుడు కావలిస్తే అప్పుడు వాడుకోమన్నాను.

ఆమె అల్లడం ఆపింది. “నా తాళంచెవి నాకుందండీ. ఇరవైయేళ్లుగా ఎవర్నీ అడక్కుండా స్నానం చేశాను. ఇప్పుడు మీ చాటున చెయ్యమంటారా? నాది మళ్లీ పట్టే తాళం పెట్టించండి, చాలు.”

అలా పెట్టించాలంటే సంఘానికి కారణం చెప్పవలసి వస్తుందనీ, ఎనిడ్ పరువు పోతుందనీ అన్నాను.

“ఎనిడ్‌గారి పేరెందుకు? గుడ్డ మా పడవదే అనండి. పైజామా మీదేగా.” తాడు మళ్లీ చేతికి తీసుకుంది. “ఆవిడకి ఎవరు చేస్తున్నారు ఇప్పుడు?”

ఎవరూ లేరన్నాను.

“గురువారం తీసుకురండి. తలుపు మీరు తియ్యండి.”

ఒక్క వాక్యం. మా పడవదే అన్న రెండు మాటలు. నేను ఆ వారం సమావేశం పిలవలేదు. ఫిబ్రవరిలోనూ పిలవలేదు. బదులుగా కార్యాలయానికి మానవతా దృక్పథంతో పునరాలోచించవలసినదిగా కోరుతూ ఒక లేఖ వ్రాశాను. నిర్ణయం మీ సంఘానిదే కదా అని వారు ఒక్క పంక్తిలో జవాబిచ్చారు.

గురువారాలు మాత్రం జరిగాయి. పదకొండు గంటలకు తక్కిన పడవలవారు సంతకు పోయాక ఎనిడ్‌ను చేయి పట్టుకుని నడిపించుకువెళ్లి తలుపు తీసేవాణ్ణి. నెరిస్ చేతులు పైకి మడుచుకుని లోపలికి వెళ్లేది. నేను బయట కాపలా నిలబడేవాణ్ణి. లోపల నీళ్లు పడే చప్పుడు, వాళ్లిద్దరి గొంతులు, అప్పుడప్పుడు ఎనిడ్ నవ్వు వినబడేవి. నలభై నిమిషాలకు ఎనిడ్‌ను పొడిబట్టల్లో తీసుకువచ్చి నాకప్పగించి, నెరిస్ గుమ్మం బయట చేతులు తుడుచుకునేది. ఆ చేతులు మోచేతి దాకా తెల్లగా ఉండేవి. మెడ మీద బొగ్గుమసి చారలు అలాగే ఉండేవి. వేడినీళ్లు తనకోసం ఒక్కనాడూ తిప్పుకోలేదు. కుళాయి పెట్టె పక్కనే నిలబెట్టిన తన చక్రం బండి తీసుకుని, ఖాళీ డబ్బాలు చప్పుడు చేస్తుండగా, రెండు మైళ్ల అవతలికి బయలుదేరేది. నేను గదికి తాళం వేసేవాణ్ణి.

మూడో గురువారం క్లెమ్ సంతకు పోలేదు. మేము ముగ్గురం గుమ్మంలో ఉండగా గట్టు మలుపు తిరిగి ఎదురైనాడు.

“ఓహో,” అన్నాడు. “నిబంధన పెట్టినవారే చాటుగా తలుపు తీస్తున్నారే.” అతని మాటలో కోపం లేదు, సంతోషమే ఉన్నదని ఇప్పుడు తోస్తుంది. అవునయ్యా, తీస్తున్నాను, కారణమిదీ అనడానికి అంతకన్న మంచి సమయం ఎవరికీ దొరకదు.

“శ్రీమతి ప్యూ ఎనిడ్‌కు పనికి వస్తున్నది,” అన్నాను. “బట్టలూ అవీ చూడడానికి.”

ఎనిడ్ వేళ్లు నా చేతిలోనుంచి జారిపోయాయి.

నెరిస్ మడిచిన చేతులు కిందికి దించుకుని గుండీలు పెట్టుకుంది. “అవునండీ, పనిమనిషిని,” అన్నది క్లెమ్‌తో. “మాస్టారు జీతం బాగానే ఇస్తారు.”

ఆనాటికి ఆమెకు నేను ఒక కప్పు టీ అయినా ఇచ్చి ఉండలేదు.

ఆ తరువాతి గురువారం కూడా ఆమె వచ్చింది. అంతకుముందులాగే చేతులు మడుచుకుని లోపలికి వెళ్లింది. మార్చి రెండోవారం దాకా ఒక్కటీ తప్పలేదు. నాతో మాత్రం అవసరానికి మించి మాట్లాడలేదు. ఇంట్లో ఎనిడ్ కూడా అంతే. మరుగుదొడ్డి పెట్టె మోయడం నేను తీసుకున్నాను. ఆ విషయంలో ఆమె ఒక్క మాటా అనలేదు, మెచ్చనూ లేదు.

మార్చి నడుమ ఒక సోమవారం లాకుల్లోకి నీళ్లు వదిలారు. తెల్లవారేసరికి కర్లూ ఇంజను చప్పుడు వినబడింది. పడవ మా కిటికీ ముందు నుంచి నడక కన్నా నెమ్మదిగా పోయింది. చుక్కాని దగ్గర నెరిస్ నిలబడి ఉన్నది. ఎనిడ్ చేయి ఊపింది. ఆమె టోపీ తీసి ఊపింది. నేను పొయ్యిలో బొగ్గు వేస్తున్నట్టు వంగి ఉన్నాను.

శనివారం సంఘం సమావేశం. కొత్త తాళాన్ని ఇకపైనా ఉంచాలా అన్నది తేల్చాలి. ఆ అంశాన్ని ఎనిమిదింటిలో ఎనిమిదోదిగా పెట్టాను. చెప్పవలసిన వాక్యం కాగితం మీద వ్రాసి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. చెప్పి తీరుదామనే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే నమ్ముతున్నాను, అయితే నా నమ్మకాల విలువ ఎంతో ఈ పాటికి మీకు తెలిసే ఉంటుంది. చెత్తకుండీ మూత గురించి అయిదో అంశం నడుస్తున్నది. మూత కీలు ఊడినదా విరిగినదా అని నేను అవసరం లేని ప్రశ్న ఒకటి వేశాను.

“ఆ గుడ్డలు నావి,” అన్నది ఎనిడ్ నా వెనుక నుంచి.

అందరూ అటు తిరిగారు. ఆమె లేచి నిలబడి ఉన్నది.

“తొట్టిలో గుడ్డలు. నెరిస్‌వి కావు, నావి. ఏడాదిగా నాకు ఒంటేలు ఆగడం లేదు. ఆమె నాకు స్నానం చేయిస్తూ వచ్చింది. ఆమెకేమో మనం నీళ్లివ్వలేదు.”

క్లెమ్ కుర్చీ ఆమె దగ్గరకు జరుపుకున్నాడు. “మా అమ్మకీ అంతేనండీ, చివరి ఆరేళ్లూ,” అన్నాడు. “గదిలో మూతున్న డబ్బా ఒకటి పెడితే సరిపోయేది. రేపు నేను తెస్తాను.” పక్కనున్న ఆమె తనకూ కాన్పుల తరువాత అదే బాధ అన్నది. మరొకరు నవ్వుతూ తమ ఇంటి సంగతి ఏదో చెప్పారు. పాత తాళం మళ్లీ పెట్టాలని ఎవరో అన్నారు. చేతులు లేచాయి, క్లెమ్‌ది మొదట. నాలుగు నిమిషాలు పట్టిందేమో. ఎనిడ్ పరువని నేను శీతకాలమంతా కాపలా కాసినది ఆమెది కాదని అందరికన్న ఆలస్యంగా నాకే తెలిసింది. నేను తల వంచుకుని మినిట్సు వ్రాశాను. ఆమె పేరు, ఆమె మాటలు, ఉన్నవి ఉన్నట్టు.

జేబులోని కాగితం గురించి ఎనిడ్‌కు చెప్పలేదు. చెబితే నమ్మేది. నమ్మితే నాకు ఊరట కలిగేది.

ఆ మరుసటి వారం బస్సెక్కి పోయి, పదమూడు మైళ్ల అవతల ఒక రేవులో నెరిస్‌ను పట్టుకున్నాను. కుళాయి దగ్గర నాలుగు పడవలు వరుసలో ఉన్నాయి, వంతు కర్లూది. ఆమె గొట్టం చివర పడవలోని మంచినీళ్ల ట్యాంకులో పెట్టి, గట్టు మీద కూర్చుని ఎండ కాచుకుంటున్నది. జుట్టు తడిగా ఉన్నది. తలంటుకున్నట్టుంది. నన్ను చూసి లేవలేదు.

పెనక్ రేవులో తలుపు మళ్లీ అందరి తాళంచెవికీ వస్తున్నదని చెప్పాను. ఆమె మీద పడిన మాట పోయిందని చెప్పాను.

“మంచిది,” అన్నది. తరువాత మొహంలో ఒకవిధమైన వెలుగు వచ్చింది. “ఎలా చెప్పారు? క్లెమ్ ఏమన్నాడు వింటూనే?”

“నేను చెప్పలేదు,” అన్నాను. “ఎనిడ్ చెప్పింది.”

ట్యాంకులో నీళ్లు నిండే చప్పుడు వినబడుతున్నది.

“ఓ,” అన్నది. “మీరనుకున్నాను.”

వెనుక పడవవాడు ఇంకెంతసేపని అడిగాడు, అయిపోవచ్చిందని చెప్పింది. గురువారాలు ఎనిడ్‌గారికి ఎవరు చేస్తున్నారని నన్ను అడిగింది. తానే చేసుకుంటానంటున్నదని, నేను బయట నిలబడుతున్నానని చెప్పాను.

“లోపలికి వెళ్లండి, మాస్టారూ,” అన్నది. “నీళ్లు ముందు మీ మోచేతి మీద పోసి చూసుకోండి. వీపు దగ్గర మొదలుపెట్టండి. మొహం వంక చూడొద్దు. ఇటు తిరగాలనిపించినప్పుడు ఆవిడే తిరుగుతుంది.”

లేచి, కుళాయి కట్టి, గొట్టం తీసి వెనుకవాడి చేతికిచ్చింది. నేను సెలవు తీసుకున్నాను. బస్సు నాలుగింటికి. ఆ రోజు బుధవారం.